పేడ పరీక్ష లేని నట్టల మందు

నిజామాబాద్ జిల్లా ఊళ్లలో ఏటా విడతల వారీగా నట్టల నివారణ కార్యక్రమం జరుగుతుంది. పశుసంవర్ధక శాఖ సిబ్బంది మందల దగ్గరికి వస్తారు. కాపరులు ఒక్కో జీవాన్ని పట్టి నోరు తెరిస్తే వాళ్లు మందు పోస్తారు. ఏ మండలంలో ఎన్ని గొర్రెలకు, ఎన్ని మేకలకు పోశారన్న లెక్క పత్రికల్లో వస్తుంది. రెండు వారాల తర్వాత ఆ జీవాల కడుపుల్లో నట్టలు చచ్చాయా, మిగిలాయా అన్న సంగతి మాత్రం ఆ వార్తల్లో ఉండదు. మందు పనిచేస్తోందో లేదో చూడకుండా ఏళ్ల తరబడి అదే మందు పోసుకుంటూ పోతే పోయేది డబ్బు ఒక్కటే కాదు, మందు శక్తి కూడా పోతుంది. ఆ శక్తి ఊరుమ్మడి ఆస్తి. ఒక మందలో తప్పుగా వాడితే పక్క మంద కూడా దాన్ని పోగొట్టుకుంటుంది.

బోధన్ ప్రాంతానికి ఈ చర్చ మరీ అవసరం. కారణం ఇక్కడి నీళ్లు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజినీరుగా ఉన్న కాలంలో మంజీర మీద కట్టిన నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ కాల్వల ధైర్యంతోనే 1930ల చివర బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది, శక్కర్‌నగర్ పుట్టింది. వర్ని, కోటగిరి, ఎడపల్లి, రెంజల్ పొలాల నిండా చెరకు పెరిగింది. చెరకు కొట్టే కాలంలో పచ్చి ఆకు పశువుల మేతగా దొరికేది. తర్వాత సారంగాపూర్ సహకార ఫ్యాక్టరీ మూతపడింది. 2015 డిసెంబరులో బోధన్ ఫ్యాక్టరీ కూడా ఆగిపోయింది. చెరకు తగ్గినచోట ఎక్కువగా వరి వచ్చింది. రైతు ఆదాయం మీద, కార్మికుల బతుకు మీద దాని దెబ్బ గురించి చాలా రాశారు, రాయాల్సిందే. కానీ చెరకు మడి వరి మడి అయితే పశువు కడుపులో ఏం మారుతుందన్నది చర్చకు పెద్దగా రాలేదు.

వరి మడిలో నీళ్లు నిలుస్తాయి. కాల్వ ఊటతో చుట్టూ ఉన్న గడ్డి బీళ్లు ఏడాదిలో ఎక్కువ నెలలు తడిగానే ఉంటాయి. నీళ్లు నిలిచినచోట నత్తలుంటాయి. కార్జపు జలగ బతుకు ఆ నత్త మీదే ఆధారపడి ఉంది. ఆకు ఆకారంలో ఉండే ఈ జలగ బర్రె కార్జంలోని పైత్యనాళాల్లో కాపురం ఉండి గుడ్లు పెడుతుంది. గుడ్లు పేడతో బయటపడి, నీళ్లలో పొదిగి, కంటికి కనిపించని పిల్లలవుతాయి. ఆ పిల్ల లిమ్నియా జాతి నత్తలో దూరి అక్కడే ఒకటి వందలవుతుంది. తర్వాత నత్తను వదిలి నీటి అంచున ఉన్న గడ్డికో వరి మొదళ్లకో అంటుకుని చుట్టూ గట్టి తిత్తి కట్టుకుంటుంది. ఆ గడ్డి మేసిన బర్రె పేగును తొలుచుకుని కార్జం చేరుతుంది. మేసిన రోజు నుంచి పెద్ద జలగై గుడ్లు పెట్టేదాకా మూడు నాలుగు నెలలు పడుతుంది.

ఆ మూడు నాలుగు నెలల సంగతి తెలియకపోతే మందు వృథా. మార్కెట్లో జలగల మందులుగా దొరికే ఆక్సీక్లోజనైడ్, రఫాక్సనైడ్, క్లోసాంటెల్ ప్రధానంగా పెద్ద జలగల మీద పనిచేస్తాయి. ముఖ్యంగా ఆక్సీక్లోజనైడ్ కార్జాన్ని తొలుస్తున్న పిల్ల జలగలను తాకదు. ఆ పిల్లలను చంపగలిగేది ట్రైక్లాబెండజోల్. ఇక మామూలు నట్టల మందుగా వాడే ఫెన్‌బెండజోల్‌ను మామూలు మోతాదులో ఇస్తే జలగకు ఏమీ కాదు. ఆల్బెండజోల్ కూడా పెద్ద మోతాదులో ఇస్తేనే, అదీ పెద్ద జలగల మీదే ఎంతో కొంత పనిచేస్తుంది. ‘మందు పోసినం, అయినా బర్రె బక్కచిక్కుతనే ఉంది, పాలు పెరుగుతలేవు’ అని ఒక రైతు అంటే అబద్ధమాడినట్టు కాదు. ఆయన గుండ్రటి పురుగుల మందు పోశాడు, కార్జంలో ఉన్నది జలగ. లేదా జలగల మందే పోశాడు కానీ జలగ ఇంకా పిల్ల దశలో ఉంది.

కాబట్టి ఇక్కడ నట్టల మందు తేదీ కాల్వ తేదీని బట్టి ఉండాలి. వానాకాలం, యాసంగి పంటలకు నిజాంసాగర్ నీళ్లు ఎప్పుడు వదులుతారో, ఎప్పుడు ఆపుతారో నీటిపారుదల శాఖకు తెలుసు. నీళ్లు తగ్గి చెరువు శిఖాలు, కాల్వ గట్లు తేలినప్పుడు పశువులు ఆ పచ్చిక మీదికి పోతాయి. తిత్తులు ఎక్కువగా కడుపులోకి పోయేది అప్పుడే. దాని వెంట పిల్ల జలగలను చంపే మందు ఒకసారి, మూడు నెలలు గడిచాక పెద్ద జలగల మందు ఒకసారి పడాలి. ఇప్పుడు మందు సరఫరా రాష్ట్రమంతటికీ దాదాపు ఒకే పద్ధతిలో సాగుతోంది. నల్లగొండ మెట్టలో ఉన్న గొర్రెకూ రెంజల్ మాగాణిలో ఉన్న బర్రెకూ ఒకే సమయం, ఒకే మందు సరిపోవు. రెండు శాఖల అధికారులు ఏడాదికి రెండుసార్లు కూర్చుని మాట్లాడుకుంటే చాలు, దీనికి అదనపు ఖర్చు అక్కర్లేదు.

గడ్డి సంగతీ చూడాలి. ఇండోనేషియాలో వరి పండించే ప్రాంతాల్లో పశువైద్యులు రైతులకు చెప్పిన ఉపాయం చాలా సులువు: మొదలు దగ్గర కాకుండా కాస్త పైకి కోయండి, గడ్డిని ఎండలో బాగా ఆరనిచ్చి వేయండి. తిత్తులు నీళ్లు తగిలిన మొదళ్ల దగ్గరే ఉంటాయి, ఎండకు చస్తాయి. మన దగ్గర హార్వెస్టర్ వచ్చాక మొదళ్లు పొలంలోనే మిగులుతున్నాయి, గడ్డికి అది మేలే. కానీ కోత కాగానే తడి ఆరని కొయ్యకాళ్ల మీదికి పశువులను తోలితే ఆ మేలు పోతుంది. మడి పూర్తిగా ఆరేదాకా ఆగమని చెప్పడానికి మందు సీసా అవసరం లేదు, చెప్పే మనిషి కావాలి. ఇదే నీళ్లలో ఇంకో జాతి నత్త ఉంది. దాని వల్ల పొట్ట జలగలు వస్తాయి, గురక వ్యాధి కూడా వస్తుంది. ముక్కులోని రక్తనాళాల్లో చేరి పశువుకు గురక తెప్పించే ఆ పురుగు మేతతో కాక చర్మం గుండా లోపలికి పోతుంది. నోట పోసే మామూలు నట్టల మందుకు అది లొంగదు.

గొర్రెల విషయంలో ప్రమాదం ఇంకోలా ఉంది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం గొర్రెల పంపిణీ మొదలుపెట్టింది. గొల్ల కురుమ కుటుంబానికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు, 75 శాతం సబ్సిడీ. 2012 పశుగణనలో తెలంగాణలో సుమారు 1.28 కోట్ల గొర్రెలుంటే 2019 నాటికి 1.90 కోట్లు దాటి దేశంలోనే మొదటి స్థానం వచ్చింది. పంపిణీ చేసిన జీవాల్లో చాలా భాగం బయటి రాష్ట్రాల్లో కొని తెచ్చినవి. నవీపేట సంతలోనూ ఎక్కడెక్కడి జీవాలో చేతులు మారుతుంటాయి. వాటితో పాటు వాటి కడుపులోని పురుగులూ వస్తాయి. ఆ పురుగులు ఏ మందుకు మొండికేసినవో కొన్నవాడికి తెలియదు, అమ్మినవాడు చెప్పడు.

గొర్రెను చంపే పురుగుల్లో మొదటిది హీమాంకస్. జఠరంలో ఉండి రక్తం తాగుతుంది. ఒక్కో పురుగు రోజుకు 0.05 మిల్లీలీటర్ల రక్తం తీసుకుంటుందని అంచనా. వెయ్యి పురుగులుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు. ఆడపురుగు రోజుకు వేల గుడ్లు పెడుతుంది. వానలు పడగానే గొర్రె దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడడం, కంటి లోపలి ఎరుపు పోయి తెల్లబడడం కాపరులందరికీ తెలిసిన గుర్తులే. దీని మీదికి శాస్త్రజ్ఞులు వరుసగా మందులు తెచ్చారు. 1961లో థయాబెండజోల్ వచ్చింది, మూడేళ్లకే దానికి లొంగని హీమాంకస్ అమెరికాలో కనిపించింది. జపాన్ మట్టిలో సతోషి ఒమురా పట్టుకున్న సూక్ష్మజీవి నుంచి విలియం కాంప్‌బెల్ బృందం తయారుచేసిన ఐవర్‌మెక్టిన్ 1981లో పశువులకు మార్కెట్లోకి వచ్చింది. ఆ ఇద్దరికీ 2015లో నోబెల్ బహుమతి దక్కింది. కానీ 1980ల చివరికే దక్షిణాఫ్రికా గొర్రెల్లో దానికీ లొంగని పురుగులు తేలాయి. కొత్త మందు రావడానికి పదేళ్లో ఇరవై ఏళ్లో పడుతుంది. పురుగు అలవాటు పడడానికి అంతకాలం అక్కర్లేదు.

మందు తక్కువ పోయడం మొండి పురుగులను పెంచే దగ్గరి దారి. 30 కిలోల గొర్రెకు కిలోకు 7.5 మిల్లీగ్రాముల లెక్కన ఆల్బెండజోల్ ఇవ్వాలంటే 2.5 శాతం ద్రావణం 9 మిల్లీలీటర్లు పోయాలి. కంటి అంచనాతో 20 కిలోలే అనుకుని 6 పోస్తే బలహీనమైన పురుగులు చస్తాయి, బలమైనవి మిగిలి సంతానం కంటాయి. మేక శరీరం ఈ మందును గొర్రె కంటే వేగంగా బయటికి పంపేస్తుంది, అందుకే మేకకు మోతాదు ఎక్కువ కావాలి. గొర్రెకు పోసిన లెక్కనే మేకకూ పోయడం ఊళ్లలో మామూలు. అలాగని ప్రతి మందూ ఎక్కువ పోస్తే మంచిదనుకోవద్దు. లెవామిసోల్ మోతాదు దాటితే మేక వణికి పడిపోతుంది, క్లోసాంటెల్ మోతాదు దాటితే జీవానికి చూపు పోవచ్చు. మంద దగ్గర తూకం పెట్టుకుని, అన్నింటికంటే బరువైన జీవాన్ని తూచి గుంపు మోతాదు నిర్ణయించాలి. వేలాడే తూకం ఒకటి ఊరుమ్మడిగా కొనుక్కోవడం ఏ గొర్రెల పెంపకందారుల సంఘానికీ భారం కాదు. సామూహికంగా పోసే రోజు ఇంకో జాగ్రత్త కూడా కావాలి. చూలు కట్టిన మొదటి నెలలో ఆల్బెండజోల్ పిండానికి హాని చేస్తుంది. పొట్టేళ్లు ఏడాది పొడవునా మందలోనే తిరిగే మన పద్ధతిలో, మందు పోసే రోజున అలాంటి గొర్రెలు కొన్ని తప్పకుండా ఉంటాయి. వాటికి ఫెన్‌బెండజోల్ వేరుగా ఉంచుకోవాలి.

మంద మొత్తానికి ఒకేసారి మందు పోయాలన్న పట్టుదల కూడా సడలాలి. ఇది వినగానే కాపరులకు కోపం రావచ్చు, సిబ్బందికి ఇబ్బందిగా అనిపించవచ్చు. కానీ పురుగుల భారం మందలో సమానంగా ఉండదు, కొద్దిపాటి జీవాలే ఎక్కువ పురుగులను మోస్తాయి. అన్నింటికీ పోస్తే మందుకు లొంగనివి మాత్రమే బతికి మైదానం నింపుతాయి. ఆరోగ్యంగా ఉన్న కొన్ని జీవాలను వదిలేస్తే మందుకు లొంగే పురుగులు కొన్ని మిగిలి, మొండివాటితో కలిసి వాటి బలం పలచబరుస్తాయి. దక్షిణాఫ్రికా పశువైద్యులు దీనికోసం కంటి రెప్ప లోపలి రంగును అయిదు మెట్లుగా చూపే అట్ట తయారుచేశారు. రక్తం తగ్గి రంగు వెలిసిన జీవానికే మందు. హీమాంకస్ ఒక్కదానికే ఇది పనికొస్తుంది, కానీ వానాకాలంలో అదే పెద్ద శత్రువు. రెప్ప తిప్పి చూసే అలవాటు మన కురుమలకు ఉన్నదే. దానికి ఒక కొలత ఇవ్వడమే మిగిలింది.

పరీక్ష ఎంత కష్టమని అడిగేవారికి చెప్పాల్సింది ఇది. మందు పోసే రోజు పదిహేను జీవాల పెంటికలు తీసుకోవాలి, పద్నాలుగు రోజులకు మళ్లీ తీసుకోవాలి. చిక్కటి ఉప్పునీళ్లలో కలిపితే గుడ్లు పైకి తేలుతాయి. గళ్లు గీసిన గాజు పలక మీద పోసి సూక్ష్మదర్శినిలో లెక్కపెట్టాలి. మొదటి లెక్కతో పోలిస్తే 95 శాతం తగ్గకపోతే ఆ మంద పురుగులు ఆ మందుకు అలవాటు పడుతున్నాయని అనుమానించాలి. పక్కనే జగిత్యాల జిల్లా కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. అక్కడి విద్యార్థులకు ఇది చదువులో భాగమే. బోధన్, రెంజల్, కోటగిరి, వర్ని మండలాల్లో కొన్ని మందలను ఎంచి వానాకాలానికి ముందు, తర్వాత ఈ పరీక్ష చేయిస్తే ఏ మందు ఇక్కడ ఇంకా పనిచేస్తోందో ఒక్క ఏడాదిలో తెలుస్తుంది. మందు కొనుగోలు టెండరు ఆ ఫలితం చూశాక పిలవాలి. పనిచేయని మందు చవకగా దొరికినా నష్టమే.

పాడి పశువుల కొట్టాల్లో గోమార్ల గొడవ వేరు. సంకర జాతి ఆవుల చర్మం గోమార్లకు ఇష్టం. వాటి నుంచి వచ్చే థైలీరియా జ్వరం ఒక్కోసారి ఆవునే తీసుకుపోతుంది. దానికి వాడే బుపార్వాక్వోన్ ఖరీదైన ఇంజెక్షన్. గోమార్లకు డెల్టామెత్రిన్ పిచికారీ చేయడం మామూలు, దేశంలో చాలాచోట్ల గోమార్లు దానికి లొంగడం మానేశాయి. రైతు అప్పుడు రెట్టింపు చిక్కగా కలుపుతాడు, ఆవు ఒంటి మీద మాత్రమే కొడతాడు. ఆడ గోమారి రక్తం తాగి ఉబ్బి, కిందికి రాలి, గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. ఆవు మీద కొట్టిన మందు ఆ గుడ్లకు తగలదు. పగుళ్లు పూడ్చి సున్నం వేయడం, పేడకుప్పను కొట్టానికి దూరంగా ఉంచడం పిచికారీ కంటే ఎక్కువ పని చేస్తాయి.

పిచికారీ పనిచేయడం లేదని చాలామంది ఐవర్‌మెక్టిన్ సూది వేయిస్తున్నారు. సీసా మీద పాలిచ్చే పశువులకు వాడరాదని రాసి ఉంటుంది. ఆ మందు కొవ్వులో కరిగి చాలా రోజులు పాలలోకి దిగుతుంది. బోధన్ రోడ్డు కొట్టాల నుంచి నిజామాబాద్ పట్టణానికి తెల్లవారకముందే చేరే పాలలో పసిపిల్లలు తాగేవీ ఉంటాయి. పేడలోకి దిగిన మందు పేడపురుగుల పిల్లలను చంపుతుందని 1987 నాటికే ‘నేచర్’ పత్రికలో పరిశోధన వచ్చింది. పసుపు పండించే ఆర్మూర్, బాల్కొండ రైతులు పశువుల ఎరువును ఎంత విలువగా కొంటారో అందరికీ తెలుసు. పేడను మట్టిలో కలిపే జీవులు పోతే ఆ నష్టం వాళ్లకే.

నిజామాబాద్ పట్టణంలో పెంపుడు కుక్కలు, పిల్లులు పెరిగాయి. వాటి వైద్యంలో పశువుల మందుల షాపు పాత్ర కూడా పెరిగింది. గోమార్లు పట్టిన కుక్కకు పశువుల ఐవర్‌మెక్టిన్ వేయడం ఎంత ప్రమాదమో లెక్కే చెబుతుంది. ఒక శాతం సూదిమందులో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు ఉంటాయి. పశువుల లెక్కనే వేసినా అయిదు కిలోల కుక్కకు పావు మిల్లీలీటరులో సగం కూడా రాదు. సిరంజిలో ఒక గీత తప్పితే మోతాదు ఎన్ని రెట్లో అవుతుంది. కోలీ వంటి జాతుల్లో ఒక జన్యు లోపం వల్ల ఈ మందు మెదడులోకి చేరి కుక్క మూర్ఛపోతుంది, చనిపోతుంది కూడా. కుక్కల కోసం చేసిన పెర్మెత్రిన్ చుక్కలు పిల్లి వీపు మీద వేస్తే పిల్లి బతకడం కష్టం. కుక్కలకు ప్రత్యేకంగా ఫ్లూరలానర్ వంటి మాత్రలున్నాయి, ఒకటి వేస్తే దాదాపు మూడు నెలలు గోమార్లు నిలవవు. ధర ఎక్కువే, కానీ తప్పు సూది పడిన కుక్కకు చేయించే వైద్యం ఇంకా ఎక్కువ. భీమవరంలో పుట్టి అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలను నడిపిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం 1947లో ఫైలేరియాకు తెచ్చిన హెట్రజాన్‌నే తర్వాత దశాబ్దాల పాటు కుక్కల గుండెపురుగు రాకుండా రోజూ ఇచ్చేవారు. మనుషుల మందుకూ జంతువుల మందుకూ గోడ ఎప్పుడూ పలుచనే. అందుకే ఏది ఎవరికి, ఎంత అన్నది డాక్టరు చీటీ మీద ఉండాలి.

ఊరికీ పట్టణానికీ మధ్య తిరిగే కుక్కను మాత్రం ఏ కార్యక్రమమూ గట్టిగా పట్టించుకోవడం లేదు. మంద వెంట ఉండే కాపలా కుక్క పేగుల్లో బద్దె పురుగు ఉంటుంది. దాని గుడ్లు పడిన గడ్డి మేసిన గొర్రె మెదడులో నీటి బుడగ పెరుగుతుంది. జీవం తల ఒక పక్కకు వాల్చి అక్కడక్కడే గుండ్రంగా తిరుగుతుంది. కోసినప్పుడు ఆ తలను కుక్కకు వేస్తే బద్దె పురుగు మళ్లీ మొదలు. కార్జం, ఊపిరితిత్తుల్లో నీటి బుడగలు కట్టే మరో జాతి బద్దె పురుగు మనిషికీ అంటుకుంటుంది. మనిషి కార్జంలో పెరిగిన బుడగకు చాలాసార్లు ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. ఈ చక్రాన్ని తెంచే మందు ప్రాజిక్వాంటెల్, కుక్క బరువులో కిలోకు 5 మిల్లీగ్రాములు, ఒక్క మోతాదుతో అయ్యే పని. గొర్రెలకు నట్టల మందు పోయడానికి మంద దగ్గరికి వెళ్లే సిబ్బంది సంచిలో ఆ మాత్రలు కూడా ఉండాలి. మంద కుక్కలన్నింటికీ ఆ రోజే వేయాలి, మూడు నెలలకోసారి మళ్లీ వేయాలి. నవీపేట, బోధన్, నిజామాబాద్‌లలో మాంసం కొట్టేచోట రోగం పట్టిన తలలు, కార్జాలు కుక్కలకు దొరక్కుండా గుంత తీసి సున్నం చల్లి పూడ్చే బాధ్యత పట్టణాల్లో మున్సిపాలిటీ, ఊళ్లలో పంచాయతీ రాసి మరీ తీసుకోవాలి.